పాతబస్తీలో నిస్తంత్రి: తెగిపోయే కనెక్షన్‌కు ఒక చరిత్ర

పరిచయం

ఈ భాగంలో ఒక చిన్న సమస్యను చరిత్ర విద్యార్థి దృష్టితో పరిశీలిద్దాం. హైదరాబాద్ పాతబస్తీలో, లాల్‌దర్వాజా వైపు ఒక గల్లీలో, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థిని తన అసైన్‌మెంట్‌ను పంపబోతుంది. సరిగ్గా అప్పుడే వైఫై తెగిపోతుంది. రెండు నిమిషాలకు మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. "రౌటర్ ఆపి మళ్లీ వెయ్యి బిడ్డా" అని వంటింట్లోంచి తల్లి అంటుంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేస్తే తమ వైపు అంతా బాగానే ఉందంటారు. రిపేరు దుకాణంలో కార్డు మార్చాలంటారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ముగ్గురూ పొరబడుతూ ఉండవచ్చు.

ఇది కంప్యూటర్ పాఠం కదా, చరిత్రలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. ఆ విద్యార్థిని ఇంట్లో కనెక్షన్ తెగడానికి గల కారణాలు ఒకే కాలానికి చెందినవి కావు. గోడ ఒక కాలానిది. ఆ గోడ గుండా ప్రసారం చేసే హక్కును ఇచ్చిన చట్టం మరొక కాలానిది. ల్యాప్‌టాప్‌లోని సన్నని తీగ, దాన్ని నిద్రపుచ్చే సాఫ్ట్‌వేర్ ఇటీవలివి. ఈ మూడింటినీ కలిపి మనం "సిగ్నల్ లేదు" అనే ఒక్క మాటలో చెప్పేస్తున్నాం. విడదీసి చూస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఈ విషయంలో దూరవిద్య అభ్యర్థికి నష్టం ఎక్కువ. అతనికి రోజూ వెళ్లే తరగతి గది లేదు, గడువు తేదీ మాత్రం ఉంది.

1. రెండు వందల వాట్ల గొంతు

హైదరాబాద్ ప్రజలకు నిస్తంత్రి, అనగా తీగ లేకుండా వార్తను పంపే విద్య, మొదట రేడియో రూపంలో ఇంట్లోకి వచ్చింది. నిజాం రాజ్యంలోని తొలి రేడియో కేంద్రం 1933లో 200 వాట్ల సామర్థ్యంతో మొదలైంది. 1935 ఫిబ్రవరి 3న అది దక్కన్ రేడియోగా ప్రసారాలు ప్రారంభించింది. దీనిని నిజాం రేడియో అని కూడా పిలిచేవారు. ప్రధానంగా ఉర్దూలో సాగిన ఈ కేంద్రాన్ని 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం స్వాధీనం చేసుకొంది. తరువాత అది ఆకాశవాణిలో భాగమైంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దూరవిద్యకు రేడియో పాఠాలు కూడా తోడయ్యాయి. అంటే నగరంలో తీగలేని చదువు వైఫైతో మొదలు కాలేదు.

పాత రేడియో గురించి రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. అవి తర్వాత అవసరమవుతాయి.

మొదటిది తరంగం పొడవు. నేటికీ ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రానికి కేటాయించిన పౌనఃపున్యం 738 కిలోహెర్ట్జ్. దాని తరంగ దైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. నాలుగు వందల మీటర్ల పొడవున్న తరంగానికి ఒక ఇంటి గోడ పెద్ద అడ్డంకి కాదు. అది ఇళ్ల మీదుగా, చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. అందుకే తాతల కాలపు రేడియోను ఏ గదిలో పెట్టినా పాట వినిపించేది, కాస్త గరగర ఉన్నా సరే.

రెండవది రక్షణ. ఆ పౌనఃపున్యంలో మరొకరు ప్రసారం చేయడానికి వీల్లేదు. ప్రసారం మాట అలా ఉంచండి, వినడానికి కూడా అనుమతి కావలసి వచ్చేది. బ్రిటిష్ ఇండియాలో 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నిస్తంత్రి పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. స్వాతంత్ర్యం తరువాత కూడా చాలాకాలం రేడియో ఉన్న ప్రతి ఇల్లు పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టింది. ఈ రుసుములు 1980లలో రద్దయ్యాయి. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో లైసెన్సు పుస్తకం ఒకటి దొరికినా దొరకవచ్చు. దొరికితే దాచుకోండి, అది మంచి ప్రాథమిక ఆధారం.

ఆ విధానం సామాన్యుడిని అనుమానంగా చూసిన మాట వాస్తవం. కాని దానివల్ల ఒక లాభం ఉండేది. లైసెన్సు పొందిన కేంద్రానికి ఎవరైనా అడ్డు తగిలితే, ఫిర్యాదు చేయడానికి ఒక చోటుండేది.

మరొక తేడా కూడా ఉంది. రేడియో ఏకముఖ ప్రసారం. కేంద్రం మాట్లాడుతుంది, పెట్టె వింటుంది. వైఫైలో ల్యాప్‌టాప్ కూడా బదులు పలకాలి. ప్రతి చిన్న పొట్లం అందగానే "అందింది" అని రౌటర్‌కు చెప్పాలి. తెర మూలన కనిపించే గీతలు రౌటర్ గొంతు మీ ల్యాప్‌టాప్‌కు ఎంత బాగా వినిపిస్తోందో మాత్రమే చూపుతాయి. మీ ల్యాప్‌టాప్ గొంతు రౌటర్‌కు వినిపిస్తోందా లేదా అనేది ఆ గీతలు చెప్పవు. గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడానికి ఇది ఒక కారణం.

2. ఎవరిదీ కాని పట్టీ

వైఫై మొదటగా వాడిన పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ. దీని పుట్టుక విచిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి రాడార్ పరిశోధనలో ఉన్న అమెరికా ఇంజనీరు పెర్సీ స్పెన్సర్, సూక్ష్మ తరంగాలతో ఆహారాన్ని వేడి చేయవచ్చని గుర్తించాడు. ఇటువంటి యంత్రాలు తరంగాలను వెదజల్లుతాయి, చుట్టుపక్కల రేడియోలకు అడ్డు తగులుతాయి. వాటిని ఎక్కడో ఒకచోట ఉంచాలి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం పరిశ్రమలు, విజ్ఞాన శాస్త్రం, వైద్యం అవసరాలకు కొన్ని పట్టీలను విడిచిపెట్టింది. వార్తలు పంపడానికి పనికిరాని రొద ప్రదేశాలుగా అవి మిగిలిపోయాయి. ఊరి బయట చెత్త వేసే స్థలం వంటివి అనుకోవచ్చు.

1985 మే నెలలో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఆ స్థలంలోనే తక్కువ శక్తితో, లైసెన్సు లేకుండా ఎవరైనా సమాచారం పంపుకోవచ్చని నిర్ణయించింది. సంకేతాన్ని ఒకే సన్నని పౌనఃపున్యంలో గాక విశాలంగా పరచి పంపే పద్ధతి వాడాలని షరతు పెట్టింది. ఈ నిర్ణయం లేకపోతే వైఫై లేదు. 1997లో 802.11 అనే ప్రమాణం సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో వచ్చింది. 1999లో అది 11 మెగాబిట్లకు పెరిగింది, వైఫై అనే వ్యాపార నామం కూడా ఆ ఏడాదే పుట్టింది. 2003లో ఇంటెల్ సంస్థ సెంట్రినో పేరిట వైఫైని ల్యాప్‌టాప్ లోపలి భాగంగా చేసి అమ్మింది. అంతవరకు పక్కన గుచ్చుకొనే కార్డుగా ఉన్నది ఆ తర్వాత ల్యాప్‌టాప్ శరీరంలో కలిసిపోయింది.

భారతదేశంలో ఈ పట్టీ 2000ల ఆరంభంలో పరిమితంగా సడలి, 2005 జనవరిలో వెలువడిన నియమాలతో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అవసరం లేనిదైంది. 1933 చట్టం నీడలో పెరిగిన దేశానికి ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ నియమాలలోని ఒక షరతును మీరు శ్రద్ధగా గమనించాలి. ఈ పట్టీని వాడేవారు ఇతరులకు ఆటంకం కలిగించరాదు. తమకు ఆటంకం కలిగితే రక్షణ కోరరాదు. అందరితో పంచుకొని వాడుకోవాలి. సరళంగా చెప్పాలంటే ఇది పట్టా భూమి కాదు, ఊరుమ్మడి బంజరు. ఎవరైనా పశువులను మేపుకోవచ్చు. పక్కవాడి పశువులు ఎక్కువయ్యాయని తగవు పెట్టడానికి మాత్రం వీల్లేదు.

మా అభిప్రాయంలో ఈ పాఠమంతటికీ కీలకం ఇదే. లాల్‌దర్వాజా ఇంట్లో కనెక్షన్ తెగినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోకపోవడం కేవలం నిర్లక్ష్యం వల్ల జరిగేది కాదు. చట్టమే బాధ్యతను ఎవరికీ అప్పగించలేదు. అప్పగించి ఉంటే వైఫై ఇంత చవకగా ఇంటింటికీ వచ్చేది కాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: దక్కన్ రేడియోకు ఉన్న ఏ రక్షణ మీ ఇంటి వైఫైకి లేదు? ల్యాప్‌టాప్ తెర మీది గీతలు నిండుగా ఉన్నా కనెక్షన్ ఎందుకు పనిచేయకపోవచ్చు? పది వాక్యాలలో రాయండి.

3. రాయి, సున్నం, ఇనుప బీరువా

ఇప్పుడు గోడ దగ్గరకు వద్దాం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం అందులో సగమైనా ఉండదు. దక్కన్ రేడియో తరంగంలా ఇది ఇంటి చుట్టూ తిరిగి రాలేదు. గోడ గుండానే దూరాలి, లేదా తలుపు, కిటికీల గుండా రావాలి.

పాతబస్తీ 1591లో చార్మినార్ నిర్మాణంతో రూపుదిద్దుకున్న నగరం. ఇక్కడి పాత ఇళ్లు, దేవిడీలు రాయి, డంగు సున్నంతో కట్టినవి. అడుగున్నర, రెండడుగుల మందం గోడలు వాటిలో అరుదు కాదు. 1908 మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టి వీధిని గ్రానైట్ రాతి కమానులతో నిర్మించింది. వీధి పేరులోనే రాయి ఉంది. ఈ గోడలు మే నెల ఎండను ఆపడానికి కట్టినవి. ఆ పనిని ఇవాళ్టికీ చక్కగా చేస్తున్నాయి. సూక్ష్మ తరంగాన్ని కూడా అంతే చక్కగా ఆపుతున్నాయి. తడి పట్టిన గోడ ఇంకా ఎక్కువ మింగుతుంది. వానాకాలంలో లోపలి గదిలో సంకేతం తగ్గిందని ఎవరైనా అంటే అపనమ్మకంతో నవ్వకండి.

ఇక్కడ కొలత గురించి ఒక మాట. సంకేత బలాన్ని డెసిబెల్‌లలో, సున్నాకు దిగువన ఉండే అంకెలతో చెబుతారు. మైనస్ 50 అంటే బలంగా ఉన్నట్టు. మైనస్ 67 వరకు వీడియో పాఠం నడుస్తుంది. మైనస్ 80కి చేరితే కనెక్షన్ దారం మీద వేలాడుతోందని అర్థం. ఈ అంకెలు మామూలు కొలతల్లా నడవవు. 3 తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు మిగులుతుంది. కాబట్టి మైనస్ 60కి, మైనస్ 80కి తేడా నూరు రెట్లు. ఒక ఇటుక గోడ తీసుకునే వాటాను బలమైన సంకేతం భరిస్తుంది. రెండు రాతి గోడల వాటాను భరించలేదు.

గోడ ఒక్కటే అడ్డు కాదు. లోహం తరంగాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. గదిలోని ఇనుప బీరువా, దుకాణం షట్టరు, పై అంతస్తు మీద వేసిన రేకులు, లాడ్ బజార్ దుకాణాలలోని నిలువుటద్దాల వెనుక ఉండే లోహపు పూత అన్నీ ఈ కోవలోవే. నీరు తరంగాన్ని మింగుతుంది. ఈ రెండు గుణాలూ కలిసిన వస్తువు ఒకటి మన ఇళ్లలో ప్రతి వేసవిలో కిటికీకి అమరుతుంది. అదే కూలరు. రేకు పెట్టె, దాని నిండా నీళ్లు. ఇన్నాళ్లూ తరంగం వచ్చిన దారి కిటికీయే అయితే, ఏప్రిల్‌లో అకస్మాత్తుగా వైఫై పాడైందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. రౌటర్ మారలేదు, ల్యాప్‌టాప్ మారలేదు. కిటికీ మూసుకుపోయింది.

మనిషి శరీరంలో కూడా ఎక్కువ భాగం నీరే. 2015లో చార్మినార్ పరిసరాలలో బీఎస్‌ఎన్‌ఎల్ ప్రజా వైఫై సేవ మొదలైంది. బహిరంగ స్థలంలో గోడల బెడద తక్కువే. కాని రంజాన్ రాత్రి లాడ్ బజార్‌లో భుజం భుజం రాసుకుంటూ నడిచే జనమే ఒక కదిలే గోడ. ఇటువంటి సేవలకు యాంటెన్నాలను జనం తలల కంటే ఎత్తున కట్టడానికి అదొక కారణం.

తిప్పికొట్టిన తరంగం సంగతేమిటి? గోల్కొండ కోటలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దగ్గర వినిపిస్తుందని మీకు తెలుసు. కట్టడం ధ్వనిని మలచగలదు అనడానికి అది మంచి ఉదాహరణ. మూసిన గదిలో ఇందుకు వ్యతిరేకం జరుగుతుంది. ఒకే మాట నేరుగా ఒకసారి, గోడకు తగిలి ఒకసారి, బీరువాకు తగిలి మరొకసారి చేరి కలగాపులగం అవుతుంది. తొలి నిస్తంత్రి కంప్యూటర్ జాలాలను ఇబ్బంది పెట్టిన పెద్ద చిక్కు ఇదే. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థలో జాన్ ఒసలివన్ బృందం దీనికి ఒక పరిష్కారం కనుగొంది. వేగమైన ఒక ప్రవాహాన్ని అనేక నెమ్మది ప్రవాహాలుగా విడగొట్టి పక్కపక్కనే పంపడం అందులోని సారం. దానికి 1996లో అమెరికా పేటెంటు లభించింది. ఒసలివన్ అంతకు ముందు ఖగోళంలోని కృష్ణ బిలాల నుండి వచ్చే బలహీన రేడియో సంకేతాల కోసం వెతికిన శాస్త్రవేత్త. ఆ సంకేతాలు ఆయనకు దొరకలేదు. వాటికోసం చేసిన గణితం మాత్రం మన ఇళ్లకు చేరింది.

4. గల్లీలో అందరూ ఒకేసారి మాట్లాడితే

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. అలోహానెట్ అని దాని పేరు. ఒకే పౌనఃపున్యాన్ని అందరూ వాడుకుంటారు. ఇద్దరు ఒకేసారి పంపితే ఇద్దరి మాటా చెడిపోతుంది. అప్పుడు ఇద్దరూ కాసేపాగి, వేర్వేరు సమయాలలో మళ్లీ ప్రయత్నిస్తారు. వైఫై ఈ పద్ధతికి మర్యాద నేర్పిన వారసురాలు. మాట్లాడే ముందు వింటుంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది.

పది ఇళ్లున్న చోట ఈ మర్యాద చక్కగా నడుస్తుంది. పాతబస్తీ గల్లీలో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఒక్కో ఇంట్లో రెండు మూడు వాటాలు, ప్రతి వాటాకూ ఒక రౌటర్. పై చెప్పిన రాతి గోడలు కొంత కాపాడతాయి గాని, కొత్తగా లేచిన సన్నటి ఇటుక గోడల అంతస్తులు కాపాడవు. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్‌ల పట్టికను తెరిచి చూడండి. మీ ఇంటి పేరు ఒక్కటే కనిపిస్తే మీరు అదృష్టవంతులు. ఇరవై, ముప్పై పేర్లు కనిపిస్తే ఆ ముప్పై కుటుంబాలూ ఒకే బంజరులో పశువులను తోలుతున్నాయని అర్థం.

2.4 పట్టీలో మన దేశంలో 13 చానళ్లున్నాయని చెబుతారు. ఈ లెక్క కొంత మోసకారి. చానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో ప్రసారం ఆక్రమించే వెడల్పు సుమారు 20 మెగాహెర్ట్జ్. అందుచేత ఒకదానిపై ఒకటి పడకుండా వాడగలిగినవి 1, 6, 11 అనే మూడే. ఖాళీగా ఉందని మీరు 3 లేదా 4 ఎంచుకుంటే రెండు వైపుల వారితోనూ గొడవ పడతారు. అంతకంటే 6లోనే ఉండి వంతు కోసం ఆగడం మేలు. ఎందుకంటే ఒకే చానల్‌లో ఉన్నవారు ఒకరి మాట ఒకరు విని ఆగుతారు. పక్క చానల్ వారిది అర్థం కాని రొద మాత్రమే.

రౌటర్ ఆపి మళ్లీ వేస్తే ఎందుకు బాగవుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. చాలా రౌటర్లు మొదలయ్యేటప్పుడు చుట్టూ విని తక్కువ రొద ఉన్న చానల్‌ను ఎంచుకుంటాయి, ల్యాప్‌టాప్ కొత్తగా పరిచయం చేసుకుంటుంది. కాబట్టి తల్లి చెప్పిన సలహా తప్పు కాదు. చిక్కేమిటంటే, ఆ సలహా లోపాన్ని దాస్తుంది. రాత్రి ఎనిమిది గంటలకు గల్లీ అంతా మళ్లీ మేల్కొంటే పాత కథే.

5 గిగాహెర్ట్జ్ పట్టీలో చోటు చాలా ఎక్కువ. మన దేశంలో దానిలో కొంత భాగం 2005లోనే ఇళ్ల లోపలి వాడకానికి వదిలారు. 2018 అక్టోబరు నియమాలతో మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేని వాడకానికి, ఆరుబయట సైతం, తెరుచుకుంది. పొరుగు రొద నుండి పారిపోవాలంటే అదే దారి. కాని ఆ తరంగం గోడను ఇంకా తక్కువగా దాటుతుంది. అంటే పాతబస్తీ ఇంటికి ఒక బేరం పెడుతుంది. ఒకే గదిలో కూర్చుంటే 5 మంచిది, రెండు గోడల అవతలైతే 2.4 తప్పదు. రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టిన రౌటర్లో ల్యాప్‌టాప్ ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూ, మారిన ప్రతిసారీ తెగవచ్చు. పేర్లు వేరు చేసి చూడండి. పాత, చవక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో 5 పట్టీయే ఉండదు. కొనేముందు ఎవరూ అడగని ప్రశ్న ఇది.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో డిజిటల్ తరగతులు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా మొదలైనప్పుడు పాఠాన్ని టీవీకి అప్పగించడం వెనక్కి నడవడంలా కొందరికి తోచి ఉండవచ్చు. ఈ అధ్యాయం చదివిన మీరు అలా అనుకోరు. ఒక గొంతు, రక్షణ ఉన్న పౌనఃపున్యం, లక్ష మంది వింటున్నా తగ్గని బలం. దక్కన్ రేడియో బలం అదే. దానికి లేనిది తిరిగి ప్రశ్న అడిగే వీలు. అందుకోసమే మనం వైఫై చిక్కులన్నీ భరిస్తున్నాం.

5. యంత్రం లోపల

గోడ, పొరుగు నిర్దోషులని తేలితే మిగిలింది ల్యాప్‌టాప్. దీని గురించి క్లుప్తంగా చెప్పుకుందాం.

చాలా ల్యాప్‌టాప్‌లలో యాంటెన్నాలు తెర చట్రం లోపల ఉంటాయి. అక్కడి నుండి సాధారణంగా ఒక నల్లని, ఒక తెల్లని సన్నటి తీగలు తెర కీలు గుండా కిందికి దిగి కార్డుకు చేరతాయి. కోఠీ, ఆబిడ్స్ దుకాణాలలో తెర లేదా కీలు మార్పించాక వైఫై బలహీనపడిందంటే ఆ తీగ ఊడి ఉండవచ్చు, నలిగి ఉండవచ్చు. దానికి కొత్త కార్డు అక్కర్లేదు. తెరను ముందుకు వెనుకకు వంచినప్పుడు గీతలు మారుతున్నాయా అని ఇంట్లోనే చూసుకోవచ్చు.

రెండవది విద్యుత్తు ఆదా. బ్యాటరీ మీద నడిచేటప్పుడు కంప్యూటర్ వైఫై కార్డును కునుకు తీయిస్తుంది. కొన్ని కార్డులు, కొన్ని పాత డ్రైవర్లు ఆ కునుకు నుండి సరిగా లేవవు. చార్జర్ పెట్టినప్పుడు బాగుండి, తీసినప్పుడు తెగుతుంటే దీన్నే అనుమానించాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్‌కు వెళ్లి, వైఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే గడిలో టిక్కు తీసివేయాలి.

మూడవది చాలామందికి తెలియదు. 2012లో ఇంటెల్ సంస్థ తానే ప్రచురించిన ఒక పత్రంలో, యూఎస్‌బీ 3.0 తీగలు, పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొదను వెలువరిస్తాయని చూపింది. పాఠాలు దాచుకున్న హార్డ్ డిస్క్‌ను ల్యాప్‌టాప్ పక్కన గుచ్చగానే వైఫై మందగించడం కాకతాళీయం కాకపోవచ్చు. బ్లూటూత్ మౌస్ కూడా అదే పట్టీలో ఉంటుంది గాని, అది తరచూ చానళ్లు మారుతూ తప్పుకుంటుంది కనుక తక్కువ దోషి.

6. ఆధారాలు సేకరించడం

చరిత్రకారుడు తేదీ లేని ఆధారాన్ని వాడడానికి జంకుతాడు. మీరూ ఒక కాగితం తీసుకొని మూడు రోజులు రాయండి. కనెక్షన్ తెగిన సమయం, కూర్చున్న చోటు, చార్జర్ ఉందా లేదా, అదే క్షణంలో ఇంట్లో ఫోన్ పనిచేసిందా. ఇంతే చాలు. సాంకేతిక పరిజ్ఞానం కన్నా ఈ కాగితం ఎక్కువ చెబుతుంది.

మన లాల్‌దర్వాజా విద్యార్థిని కాగితాన్ని ఊహించి చూద్దాం. తెగుతున్నది రాత్రి ఎనిమిది నుండి పదకొండు మధ్య. లోపలి గదిలో ఎక్కువ, ముందు గదిలో తక్కువ. ఫోన్ కూడా నెమ్మదిస్తోంది గాని తెగడం లేదు. చార్జర్‌తో సంబంధం లేదు.

తరువాత ఆమె కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అనే ఆదేశంతో ముందు తన ఇంటి రౌటర్‌ను పలకరిస్తుంది. చాలా ఇళ్లలో దాని చిరునామా 192.168.1.1 లేదా 192.168.0.1. ఆ వెంటనే బయటి లోకంలోని ఒక చిరునామాను పలకరిస్తుంది. రౌటర్ ప్రతిసారీ బదులిచ్చి బయటి చిరునామా మాత్రం పలకకపోతే లోపం తీగది, వైఫైని నిందించి లాభం లేదు. అప్పుడు కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేయవచ్చు, ఈసారి ఆధారంతో. ఇక్కడ మాత్రం రౌటరే పదిసార్లకు రెండు మూడు సార్లు బదులివ్వడం లేదు. లోపం ఇంటిలోనే ఉంది. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలోకి తెచ్చి చూస్తే బదులు అన్నిసార్లూ వస్తోంది. కాబట్టి కార్డు బాగానే ఉంది. రిపేరు దుకాణం ఖర్చు తప్పింది.

ఇక మిగిలింది గోడ, పొరుగు. రౌటర్ ఎక్కడుందని చూస్తే, తీగ వచ్చిన చోటే, ముందు గదిలో ఇనుప బీరువా వెనుక, మూలన మేకుకు వేలాడుతోంది. అలా కట్టింది తీగ లాగిన కుర్రాడు, అతనికి తొందర. పట్టిక తెరిస్తే ఇరవై రెండు పేర్లు. ఆమె రౌటర్ 3వ చానల్‌లో ఉంది.

ఈ దశలో చాలామంది బూస్టర్ కొనడానికి బయలుదేరతారు. మేము దానిని చివరి మందుగానే సూచిస్తాం. సాధారణ బూస్టర్ విన్నదాన్ని అదే చానల్‌లో మళ్లీ చెబుతుంది, అంటే ప్రతి మాటా గాలిలో రెండుసార్లు పలుకుతుంది. వేగం సగానికి పడిపోతుంది, గల్లీలో రొద ఇంకా పెరుగుతుంది. నాలుగు మీటర్ల నెట్‌వర్క్ తీగ కొంటే అంతకన్నా చవక.

ఆమె తీగ కొన్నది. రౌటర్‌ను బీరువా వెనుక నుండి తీసి, రెండు గదుల మధ్య గుమ్మం పైన, తలకంటే ఎత్తున పెట్టించింది. గోడ గుండా గాక గుమ్మం గుండా తరంగం వెళ్లేలా చూసుకుంది. చానల్‌ను 11కు మార్చింది. లోపలి గదిలో మైనస్ 79గా ఉన్న అంకె మైనస్ 63 అయింది. పదహారు డెసిబెల్‌లు, అంటే సుమారు నలభై రెట్లు. రాత్రి ఎనిమిదిన్నరకు మళ్లీ పింగ్ చేస్తే వందకు రెండు పొట్లాలు పోయాయి. పొరుగు రొదను పూర్తిగా తప్పించుకోవడం ఆమె చేతిలో లేదు. అసైన్‌మెంట్ ఆ రాత్రే వెళ్లింది. మే నెల వస్తే కూలరును ఏ కిటికీకి పెట్టాలో ఇంట్లో ఇంకా తేలలేదు.